జకరయ్య కడుపుమంట

జకరయ్యకు ఉన్న జబ్బు ఒక్కటే, ఓర్వలేనితనం. బీపీ లేదు, షుగరు లేదు, చుట్ట లేదు, చుక్క లేదు. ఎదుటివాడికి ఏదైనా ఉందంటే మాత్రం తట్టుకోలేడు. అసూయ లోకంలో అందరికీ ఉండేదే. కాకపోతే అందరూ దాన్ని లోపల దాచుకుని, పైకి "చాలా సంతోషం" అంటారు. జకరయ్యకు ఆ దాచుకోవడం చేతకాదు. గుండె మీద చెయ్యేసుకుని, నంద్యాల నూనెపల్లెలో వీధి వీధంతా వినేట్టు, "ఓర్నాయనో! నా కడుపు మండిపోతాందప్పా!" అంటాడు.

దేన్ని చూసి మండాలన్న పట్టింపు కూడా లేదు. తొంభై ఆరులో ఆయన యజమాని, ఏలీము బోర్‌వెల్స్ అబ్రహాముకు కర్నూల్లో ఆపరేషన్ అయింది. చూడ్డానికి పోయినవాళ్లంతా బత్తాయిలు తీసుకుపోయారు. జకరయ్య ఉత్త చేతులతో పోయి, మంచం పక్కన నిలబడి, కట్టువైపే చూడసాగాడు.

"ఎన్ని కుట్లేసినారు అబ్రామూ?"

"ఏడు," అన్నాడు అబ్రహాము నీరసంగా.

"ఏడా! నాకు హెర్నియాకు అయిదేసి పంపించినాడు ఆ డాక్టరు. మనిషిని బట్టి ఏస్తారా కుట్లు? ఏం, నా కడుపు కడుపు కాదా?"

నవ్వితే కుట్లు లాగుతాయి, నవ్వొద్దని డాక్టరు చెప్పిపోయాడు. అబ్రహాము దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వాడు. మూడు రోజులుగా చావు గురించి తప్ప వేరే ఆలోచన లేని మనిషి, ఆ పూట గంజి అడిగి తాగాడు. వాళ్లిద్దరూ మిషన్ హాస్టల్లో పక్కపక్క చాపల మీద పడుకుని చదువుకున్నవాళ్లు. అందుకే యజమానిని పేరు పెట్టి పిలిచే చనువు ఆయన ఒక్కడికే ఉంది.

ఇంకోసారి నందికొట్కూరులో ఎవరో పెద్దాయన పోయాడు. చూడ్డానికి వచ్చిన జనం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కొడుకు తలెత్తలేక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. జకరయ్య పోయి వాడి పక్కనే చతికిలబడి, "టీ తాగతా తాగతా పోయినాడంట గదా! గ్లాసు కూడా కింద పడల్యా అంట గదా! ఎవురికొస్తాదప్పా అట్లాంటి సావు? నాకు రాదు. కావాలంటే రాసిస్తా," అని బావురుమన్నంత పని చేశాడు. ఓదార్చాల్సినవాడు ఏడుస్తుంటే, ఏడ్వాల్సినవాడు ఓదార్చాల్సి వచ్చింది.

కంపెనీ కొత్త లారీ వెనక పెయింటరు "నన్ను చూసి ఏడవకురా" అని రాశాడు. అందరూ చప్పట్లు కొట్టి జకరయ్య వైపు చూశారు. జకరయ్య ఆ అక్షరాలను ఆ చివర నుంచి ఈ చివరకు చదివి, "సూడండప్పా! ఇనుప ముక్కకు కూడా వీపు మింద రాసేదానికి మనుషులుండారు. నాకు ఎవురన్నా రాసినారా?" అన్నాడు.

ఇంతటి మనిషి, భూమ్మీద ఒక్కరిని చూసి మాత్రం ఏనాడూ అసూయపడలేదు. ఆమె పేరు ప్రమీలమ్మ. ఆమె బాధ అదే.

ప్రమీలమ్మది పాములపాడు. బడిపంతులు కూతురు. బీకాం ఫస్ట్ క్లాసు, పైన కంప్యూటర్ కోర్సు. రెండు వేల ఒకటిలో ఏలీము బోర్‌వెల్స్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్న మొదటి మనిషి ఆమె. జకరయ్య సంగతి ముందే విని ఉంది కాబట్టి, తనను చూసి ఎప్పుడు ఏడుస్తాడా అని మొదటి రోజు నుంచే కాచుకుని కూర్చుంది. కంప్యూటర్ ఆన్ చేసింది. జకరయ్య తొంగిచూసి, "బాగుంది పాపా," అన్నాడు. అంతే.

ఉగ్గాని, మిరపకాయ బజ్జి చేసుకొచ్చి పెట్టింది. తిని, చెయ్యి కడుక్కుని, "బాగుంది పాపా," అన్నాడు. ఆ వెంటనే గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో నిన్నటి బన్ను కనబడింది. "ఆ బన్ను సూడప్పా, ఎట్ల మెత్తగుందో! యాడ పట్టుకొస్తావు నువ్వు ఇట్లాంటియ్యి?" అని వాచ్‌మన్ భుజం పట్టుకుని ఊపేశాడు. పొద్దున నాలుగింటికి లేచి ఉల్లిపాయలు తరిగిన ప్రమీలమ్మ, ఆ బన్ను వైపు చూసిన చూపుకు బన్ను మాడిపోవాల్సింది.

స్కూటీ కొనుక్కుని వచ్చింది. వీధి మొత్తం చూసింది. "మంచిది పాపా, నిదానంగా పో," అన్నాడు జకరయ్య. అప్పుడే పాలమనిషి తుప్పు సైకిలు మీద పోతూ బెల్లు కొట్టాడు. "ఆ బెల్లు ఇను! గుడిగంటా అది, చర్చి గంటా?" అని జకరయ్య పాలమనిషిని ఆపి మూడుసార్లు కొట్టించుకుని విన్నాడు. ఆ రాత్రి ప్రమీలమ్మకు నిద్రపట్టలేదు. ఫస్ట్ క్లాసులో పాసయి, సొంత డబ్బుతో బండి కొని, చివరికి ఒక సైకిలు బెల్లును చూసి కుళ్లుకునే గతి పట్టిందేమిటా అని తన మీద తనకే మంటగా ఉంది. అసూయ అంటురోగమంటారు. ఆమెకు అది జకరయ్య నుంచే అంటుకుంది, కాకపోతే అంటించినవాడు మాత్రం ఆమె దగ్గర ఆరోగ్యంగానే ఉన్నాడు.

ఇలా ఉండగా ఏలీము బోర్‌వెల్స్ సముద్రం దాటింది. కర్నూలు జిల్లా నల్లరేగడిలో, బండరాతిలో నీళ్లు తెప్పించిన మనుషులకు ఆఫ్రికాలో గిరాకీ ఉందని ఎవరో చెబితే అబ్రహాము ధైర్యం చేశాడు. బోరు వేసే రిగ్గు ఒకటి టాంజానియాకు, ఒకటి మలావికి, ఒకటి ఘనాకు పోయింది. ఆళ్లగడ్డ చుట్టుపక్కల మనుషులు ముప్పై మందికి పైగా మూడు దేశాల్లో పడ్డారు. ఇళ్లేమో ఇక్కడ.

వాళ్ల జీతాలు పంచేది జకరయ్యే. ఆ కంపెనీలో ఒక ఆనవాయితీ ఉంది. దేశం పోయే ప్రతి మనిషీ హైదరాబాదు బస్సెక్కే ముందు జకరయ్యను పక్కకు పిలిచి, చెవిలో ఒక మాట చెప్పిపోతాడు. జీతంలో అమ్మకెంత, భార్యకెంత, అక్కడ తన చేతిఖర్చుకెంత అన్నదే ఆ మాట. దానికి చెవిమాట అని పేరు. అమ్మ వాటా భార్యకు తెలియదు, భార్య వాటా అమ్మకు తెలియదు. ప్రతి అమ్మా పెద్ద వాటా తనదే అనుకుంటుంది, ప్రతి భార్యా తనదే అనుకుంటుంది. జకరయ్య నెలనెలా బస్సెక్కి పోయి, ఎవరి కవరు వాళ్ల చేతిలో పెట్టి, వాళ్లకున్నవన్నీ చూసి కడుపు మండించుకుని తిరిగొచ్చేవాడు.

కవర్లు పంచడం జకరయ్య వంతయితే, లెక్క ప్రమీలమ్మది. టాంజానియా డబ్బు షిల్లింగు, మలావిది క్వాచా, ఘనాది సెడీ. దేని రేటు ఏ రోజుది వెయ్యాలో తెలియదు. ఒక దేశంలో ఆదివారం పనికి రెట్టింపు ఇవ్వాలి, ఇంకోచోట పన్ను ముందే కోయాలి. ఒక నెల మలావి వాళ్లకు టాంజానియా రేటు పడింది. అక్కడి డ్రిల్లర్లు రిగ్గు ఆపి కూర్చున్నారు. అబ్రహాము ప్రమీలమ్మను పిలిచాడు.

"అన్ని దేశాల జీతాలూ ఒక్కసారే ఏసే సాఫ్ట్‌వేర్ ఉంటాదంట గదా. నువ్వే చూడు, నువ్వే ఎంచు. సరిగ్గా నడిచిందా, ఆ అద్దాల గది నీది. మేనేజరువి. నడవల్యా, మీ నాయన దగ్గరికి పోయి బళ్లో పాఠాలు చెప్పుకో."

అద్దాల గదికి అప్పుడే వడ్రంగి పని జరుగుతోంది. తలుపు మీద "పి. ప్రమీలమ్మ, మేనేజర్" అని బోర్డు కూడా ముందే చేయించాడు అబ్రహాము. ఆయనకు నమ్మకమో తొందరో ఎక్కువ. ఆ బోర్డు చూశాక ప్రమీలమ్మ పాములపాడుకు ఫోన్ చేసి నాన్నకు చెప్పేసింది. ఆయన బళ్లో అందరికీ చెప్పేశాడు. ఇక వెనక్కి తిరిగే దారి లేదు.

ముగ్గురిని పిలిపించింది. మొదటివాడు హైదరాబాదు నుంచి టై కట్టుకుని వచ్చాడు. తన సాఫ్ట్‌వేర్‌కు నూరు దేశాలు తెలుసన్నాడు.

"నూరా!" జకరయ్య కుర్చీలోంచి లేచాడు. "నాకు తెలిసింది కర్నూలు, కడప. ఒక పెట్టెకు నూరు దేశాలా? దేవుడు యాడుండాడప్పా!"

"అందులో మలావి ఉందా?" అడిగింది ప్రమీలమ్మ.

అతను వెతికాడు. టై వదులు చేసుకుని మళ్లీ వెతికాడు. మలావి లేదు. ఘనా వచ్చే ఏడు వస్తుందన్నాడు.

రెండోది బెంగుళూరు కంపెనీ. ఇంటర్నెట్‌లోనే చూపిస్తామన్నారు. ఆఫీసు ఫోను లైనుకే ఇంటర్నెట్ కాబట్టి, ఎవరూ ఫోన్ చేయకూడదని అబ్రహాము తన భార్యకు ముందురోజే చెప్పాడు. తెర మీద ప్రపంచపటం విచ్చుకుంది. టాంజానియా దగ్గర ఒక పచ్చ దీపం, మలావి దగ్గర ఒకటి, ఘనా దగ్గర ఒకటి మినుకుమినుకుమన్నాయి. రేట్లు రోజూ అవే మారతాయి, పన్నులు అవే కోసుకుంటాయి. చివర్న జీతం చీటీ వచ్చింది. రంగురంగుల గళ్లు, పైన కంపెనీ బొమ్మ, మనిషి పేరు, మొత్తం, వాటాలు, అన్నీ ఒకే కాగితం మీద. పెళ్లిపత్రిక కూడా అంత అందంగా ఉండదు.

ప్రమీలమ్మ చీటీ చూడలేదు. జకరయ్య ముఖం చూసింది. దీన్ని చూసి కూడా ఏడవకపోతే ఇక ఈ జన్మలో ఏడవడు అనుకుంది.

"బాగుంది పాపా," అన్నాడు జకరయ్య.

మూడోవాడు మద్రాసు నుంచి, బక్కగా, ప్లాస్టిక్ కవరులో ఒక సీడీ పెట్టుకుని వచ్చాడు. పటం లేదు, దీపాలు లేవు. మూడు దేశాలూ ఉన్నాయి, లెక్క కుదిరింది. కానీ చీటీ చూస్తే బస్సు టికెట్టంత. ఒక మనిషికి ఒక్క చీటీ కాదు, డబ్బు అందుకునే ప్రతి చేతికీ వేరే చీటీ, అందులో ఒకే అంకె. ప్రమీలమ్మ దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని నవ్వింది. జకరయ్య మాత్రం ఆ మనిషి చెప్పుల వైపు చూస్తూ, "ఎట్లాంటి చెప్పులు తొడిగినావప్పా! మద్రాసులో అన్నీ మంచియ్యే దొరుకుతాయి. నా కడుపు మండుతాంది," అంటున్నాడు. ఆ చెప్పులకు పిన్నీసు పెట్టి ఉంది. ప్రమీలమ్మకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే బెంగుళూరు వాళ్లకు సరే అని చెప్పేసింది.

ఇక మిగిలింది వివరాలు ఎక్కించడం, ఇంటింటికీ పోయి బ్యాంకు ఖాతాలు రాసుకురావడం. వాటాలు చెప్పమని జకరయ్యను అడిగింది. ఆయన చాలాసేపు చెవి గోక్కున్నాడు.

"ఇది చెవిమాట పాపా. నోట్లోంచి నోట్లోకి పోయేది కాదు."

"నోట్లోకి కాదన్నా, కంప్యూటర్లోకి," అంది ప్రమీలమ్మ. ఇక చేసేదేముంది, చెప్పాడు.

మరుసటి రోజు ఇద్దరూ ఆళ్లగడ్డ బస్సెక్కారు. మొదటి ఇల్లు టాంజానియాలో ఉన్న డ్రిల్లరు సామ్యేలుది. ముందు గదిలో తల్లి సుగుణమ్మ, వెనక గదిలో భార్య రజిని. మధ్య తలుపుకు అటు గడియ, ఇటు గడియ. జకరయ్య ముందు గదిలో సుగుణమ్మ ఇత్తడి బిందెను చూసి అల్లాడిపోయాడు. తర్వాత ఇల్లు చుట్టి వెనక వాకిట్లోంచి పోయి, రజిని వేసిన ముగ్గు చూసి గుండె పట్టుకున్నాడు. ఇద్దరూ మురిసిపోయి ఇద్దరూ కాఫీ ఇచ్చారు. జకరయ్య రెండూ తాగాడు.

అక్కడి నుంచి రుద్రవరం అడవి అంచున ఉన్న చెంచు గూడెం పోయారు. కాశయ్య ఘనాలో రిగ్గు మీద రాడ్లు బిగిస్తాడు. భార్య మద్దమ్మ ఉండే గుడిసెకు ఒక పక్క కప్పు దిగిపోయి, పైన నీలం పట్టా కప్పి ఉంది. ప్రమీలమ్మ చూపు తిప్పుకుంది. జకరయ్య అరుగు మీద వెల్లకిలా పడుకుని గొంతెత్తాడు.

"ఏం గాలి మద్దమ్మా ఇది! కొండ మింద నుంచి నేరుగా నీ అరుగు మిందికే వస్తాంది. నంద్యాలలో దుడ్లు పోసినా రాదు. రాత్రంతా ఈడనే పడుకుంటావా నువ్వు? ఓర్నాయనో!"

చుట్టుపక్కల గుడిసెల వాళ్లు బయటికి వచ్చి చూశారు. మద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ప్రమీలమ్మకు సిగ్గు ముంచుకొచ్చింది. పట్టా కప్పిన గుడిసె మీద కూడా పడి ఏడ్చే మనిషిని ఏమనాలి? దానికంటే సిగ్గు, తనకు ఆ అరుగు మీద కూడా అసూయ కలగడం.

నెలాఖరుకు సాఫ్ట్‌వేర్ నడిచింది. మూడు దేశాల్లోనూ జీతాలు సరిగ్గా పడ్డాయి. ఇళ్ల వాటాలు బ్యాంకుల్లో పడ్డాయి. రంగుల చీటీలు అచ్చయి, బస్సు పార్సిల్లో ఆళ్లగడ్డ పోయి, ఇళ్లకు చేరాయి. జకరయ్య మొదటిసారి ఆ వారం ఎక్కడికీ పోకుండా ఆఫీసులో గోళ్లు చూసుకుంటూ కూర్చున్నాడు. అబ్రహాము ప్రమీలమ్మకు మైసూర్‌పాక్ తినిపించాడు. వడ్రంగి బోర్డు బిగించాడు.

తెల్లారి పది గంటలకు నూనెపల్లెలో బస్సు ఆగింది. బస్సులోంచి మొదట అరుపులు దిగాయి, తర్వాత ఆడవాళ్లు దిగారు.

ఆళ్లగడ్డలో ఎక్కినప్పుడు అది అత్తాకోడళ్ల గొడవ. అమ్మ వాటా, భార్య వాటా ఒకే కాగితం మీద పక్కపక్క గళ్లలో, రంగుల్లో కనబడ్డాయి కదా. శిరివెళ్ల దాటేసరికి చీటీలు చేతులు మారి, దేశాల గొడవ అయింది. మొగుళ్లు మలావిలో ఉన్న ఇల్లాళ్లకూ టాంజానియాలో ఉన్న ఇల్లాళ్లకూ పడలేదు. నంద్యాల పొలిమేరలో మూడో గడి ఎవరికో కనబడింది, చేతిఖర్చు గడి. దాంతో అందరూ కలిసి మగవాళ్ల మీద పడ్డారు.

"కోడలికి అంత, కన్నతల్లికి ఇంతా?" సుగుణమ్మ చీటీని టేబుల్ మీద కొట్టింది. "ఎవురు రాసినారు ఇది? నా కొడుకు రాయడు. మీరే రాసినారు!"

"నాకెక్కువ రాసినాడని ఏడుస్తాండావు గానీ అత్తా, ఈ కింద సూడు," అంది రజిని. "ఆడ ఆయనకేం ఖర్చు? అడవిలో బోరేసేవాడికి చేతిఖర్చు ఎందుకు? ఎవుతికి పెడతాండాడు?"

"ఎవుతికి పెడతాడే నా కొడుకు?"

"అదే నేనూ అడుగుతాండా!"

అత్తాకోడళ్లు మొదటిసారి ఒకే పక్కన నిలబడ్డారు. ఎదురుగా ప్రమీలమ్మ నిలబడింది. అంతలో మలావి నుంచి ఫోను. రాత్రే ఇళ్ల నుంచి ఫోన్లు పోయాయట, ఎవరూ రిగ్గు ఎక్కలేదు. అబ్రహాము ఫోను పెట్టేసి ప్రమీలమ్మ వైపు తిరిగాడు.

"ఎంచమంటే ఇదా ఎంచింది? సంసారాలన్నీ రోడ్డు మింద ఆరబెట్టినావు గదా తల్లీ! సాయంత్రం లోపల దారి చూపియ్. ల్యాకుంటే రేపట్నుంచి రావద్దు."

ప్రమీలమ్మ అద్దాల గదిలోకి పోయి తలుపేసుకుంది. అద్దాల గదిలో తలుపేసుకుంటే ఏం లాభం, అందరికీ కనబడుతూనే ఏడ్చింది.

బయట జకరయ్య లేచాడు. సుగుణమ్మ చేతిలోని చీటీ అందుకుని, గుండెకు హత్తుకున్నాడు.

"సుగుణక్కా! నా కొడుకు కర్నూల్లో ఉండాడు. క్రిస్మస్‌కు టవలు పంపినాడు, అదీ చిన్న టవలు. నీ కొడుకు సముద్రం దాటిపోయినా, పైన మొదటి గడిలో ఎవురి పేరు రాయించినాడు? తల్లి పేరు. మొదటి గడి నీది! నా కడుపు మండుతాంది, కొంచెం నీళ్లియ్యండప్పా!"

సుగుణమ్మ చీటీ తీసుకుని మొదటి గడిని మళ్లీ చూసుకుంది. గొంతు తగ్గింది. ఆయన ఈలోపు రజినిని మెట్ల దగ్గరికి పిలిచి అక్కడేదో చూసి ఏడ్చాడు. మలావి ఇల్లాళ్ల దగ్గరికి పోయి, "ఆడ సముద్రమంత చెరువుండాదంట. మీ మొగుళ్లు దినామూ చేపల కూరే. టాంజానియాలో దోమలు తప్ప ఏమీ ల్యా. నాకెవురన్నా ఒక్క చేప పెట్టినారా?" అన్నాడు. తర్వాత టాంజానియా వాళ్లను ఇంకో మూలకు తీసుకుపోయాడు. అక్కడ ఏ దేశాన్ని తిట్టాడో వినబడలేదు. ఒక్కొక్కరే మెత్తబడి, కొంగులు సర్దుకుని, నేల మీద కూర్చున్నారు. ఎవరో టీ తెప్పించమన్నారు.

ఒక మనిషి మాత్రం అద్దాల గది తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. మద్దమ్మ.

"నువ్వు కూడా తిట్టేదానికి వచ్చినావా?" అంది ప్రమీలమ్మ ముక్కు తుడుచుకుంటూ.

"ల్యామ్మా. దుడ్లు బ్యాంకులో పడినాయంట. జకరయ్యన్న రాల్యా గదా, ఒళ్లు బాగల్యాదేమో అని సూసిపోదామని వచ్చినా."

"ఆయన వచ్చి చేసేదేముంది? నీ గుడిసె చూసి ఏడ్చిపోతాడు."

"అదేనమ్మా." మద్దమ్మ నేల మీద కూర్చుంది. "మా గూడేనికి ఎవురొచ్చినా అయ్యో పాపం అంటారు. ఆఫీసరొచ్చినా అయ్యో పాపం, బువ్వ పంచేటోళ్లు వచ్చినా అయ్యో పాపం. ఇని ఇని మాకు మేమే అయ్యో పాపం అనిపిస్తాది. మమ్మల్ని సూసి ఏడిసినోడు ఈయనొక్కడే. ఆ పొద్దు ఆయన నా అరుగు మింద పడుకుని ఏడిస్తే, పక్కింటోళ్లు నా ఇంటి తట్టు ఒకమాదిరి సూసినారు. నాకేదో ఉండాదని నాకే అనిపించింది."

ప్రమీలమ్మ ముక్కు తుడుచుకోవడం ఆపింది. నిన్నటి బన్ను తినే వాచ్‌మన్, తుప్పు సైకిలు పాలమనిషి, పిన్నీసు చెప్పుల మద్రాసు మనిషి, జనం రాని చావు. ఎవరూ చూసి అసూయపడని వాళ్లందరి దగ్గరా ఈ మనిషి ఆగి ఆగి ఏడ్చాడు. తనకు ఫస్ట్ క్లాసుంది, స్కూటీ ఉంది, చెప్పుకుని మురిసిపోయే నాన్న ఉన్నాడు. తన దగ్గర ఆయనకు పనేముంది? ఇన్నేళ్లూ తను కుళ్లుకుంది బన్నును చూసి కాదు, ఆ బన్ను తినేవాడికి దొరికిన మర్యాదను చూసి. అనుకోగానే సిగ్గేసింది. ఆ వెంటనే నవ్వొచ్చింది.

ముఖం కడుక్కుని మద్రాసుకు ఫోన్ చేసింది. అడగాల్సినవన్నీ ఈసారి చీటీ వైపు చూస్తూ అడిగింది. తర్వాత అబ్రహాము ముందు నిలబడింది.

"తప్పు నాదే సార్. అందం చూసి ఎంచినా. ఆ మూడోది కొందాం. మూడు దేశాల లెక్కా కుదురుతాది. ఎన్ని చేతులకు డబ్బు పోతే అన్ని చీటీలు, ఎవరి చీటీలో వాళ్ల అంకే. చేతిఖర్చు చీటీ అక్కడే అచ్చవుతాది, ఇక్కడికి రాదు. కానీ చీటీలు బస్సులో పంపకూడదు. జకరయ్యన్న తీసుకుపోయి చేతికియ్యాల."

"సాఫ్ట్‌వేర్ కొని, మళ్లీ మనిషిని తిప్పాల్నా?"

"తిప్పాల సార్. డబ్బులేసేది బ్యాంకు. చూసి ఏడ్చేదెవరు?"

అబ్రహాము చెయ్యి ఎందుకో పాత కుట్ల మీదికి పోయింది. "సరే," అన్నాడు. "ఉద్యోగం ఉంటాది. అద్దాల గది మాత్రం మర్చిపో. బెంగుళూరుకు కట్టిన దుడ్లు రాబట్టేదాకా మేనేజరూ ల్యాడు, గదీ ల్యాదు."

సాయంత్రం జకరయ్య ఆడవాళ్లందరినీ బస్సెక్కించి పంపాడు. వడ్రంగి వచ్చి, స్క్రూలు విప్పి, బోర్డు పీకి, గోనెసంచిలో వేసుకున్నాడు. ప్రమీలమ్మ తన పాత స్టూలు మీద కూర్చుని చూసింది. ఉద్యోగం నిలిచినందుకు సంతోషమే. కానీ రేపు పాములపాడుకు ఫోన్ చేసి నాన్నకు ఏమని చెప్పాలి? బళ్లో అందరికీ చెప్పుకున్న మనిషికి? మళ్లీ కళ్లు నిండాయి.

జకరయ్య వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. గోనెసంచి వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. నిదానంగా చెయ్యెత్తి గుండె మీద పెట్టుకున్నాడు.

"ఏం అదృష్టం పాపా నీది! బస్సు నిండా ఆడోళ్లు పేరడుక్కుంటా వచ్చి, నీ పేరు పెట్టి తిట్నారు. ఇన్నేండ్లు ఇంటింటికీ తిరిగినా, నన్ను తిట్టేదానికి ఒక్కరన్నా బస్సెక్కినారా? మలావిలో రిగ్గాగిపోయిందంట నీ ఒక్క చీటీకి! నేను ఈడ గొంతు చించుకున్నా ఒక ఆటో ఆగదు. నా కడుపు..."

ప్రమీలమ్మ తలెత్తింది. ఆయన తనను చూసి ఏడుస్తున్నాడు. ఇప్పుడు దానర్థం ఏమిటో ఆమెకు బాగా తెలుసు. నువ్వు చితికిపోయి ఉన్నావని ఇంతకంటే మర్యాదగా ఎవరూ చెప్పలేరు.

"మేనేజరు పోయిందన్నా," అంది.

"పోయేదానికైనా ఉండాల గదా పాపా! నీకు బోర్డు చేయించినారు, బిగించినారు, పీకినారు. నాకు పీకేదానికైనా ఒక బోర్డుందా ఈ ఆఫీసులో? ఓర్నాయనో, నా కడుపు మండిపోతాందప్పా!"

వాచ్‌మన్ గేటు దగ్గర నుంచి తొంగిచూశాడు. వడ్రంగి సంచి కింద పెట్టి నిలబడ్డాడు. ప్రమీలమ్మకు ఏడుపు సగంలో నవ్వు అడ్డం పడి పొలమారింది. ఒక స్టూలు లాగి ఆయన ముందు వేసింది.

"కూర్చో అన్నా," అంది కళ్లు తుడుచుకుంటూ. "కూర్చుని ఇంకొంచెం ఏడువు."

జకరయ్య కూర్చుని, ఆఫీసు కట్టేసేదాకా తీరిగ్గా ఏడ్చాడు.